పాలకిచ్చిన కోడి

మా అమ్మ లెక్కలో మనుషులు రెండే రకాలు. దొరికిన దొంగలు, ఇంకా దొరకని దొంగలు. పాలు పోయించుకునేటప్పుడు గోటి మీద ఒక చుక్క వేసుకుని అది నిలుస్తుందా, జారుతుందా చూసేది. కిరాణా కొట్టులో తూకం వేస్తుంటే ఆమె కళ్లు తక్కెడ మీద ఉండేవి కావు, కొట్టువాడి చిటికెన వేలు మీద ఉండేవి. చుట్టాల్లో ఎవరైనా కాస్త ప్రేమగా పలకరిస్తే వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "ఏదో పనిబడ్డది వీళ్లకు" అనేది. చాలాసార్లు ఆమె అనుమానమే నిజమయ్యేది, అదే మా ఖర్మ. నాకు తెలిసి ఒక్కసారే తప్పింది. అది కోళ్ల విషయంలో.

నాయన లారీ డ్రైవరు. కొత్తగూడెంలో ఒక రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాయనకు దగ్గు పట్టుకుంది. మొదట డీజిలు పొగ అన్నాడు, తర్వాత చలిగాలి అన్నాడు, ఆ తర్వాత ఏమీ అనలేదు. సర్కారు దవాఖానాలో టీబీ అని తేల్చి మందులిచ్చారు. కొంచెం నెమ్మదించగానే ఆయన మాత్రలు పక్కన పడేసి లోడు మీద వెళ్లిపోయాడు. జబ్బు తిరగబెట్టింది. ఈసారి డాక్టరమ్మ నాయనతో మాట్లాడనే లేదు, అమ్మ వైపు తిరిగింది. "మందు ఒక్కరోజు కూడా ఆపొద్దు. బండి మానిపించు. రోజూ పాలు, గుడ్లు పెట్టు. ఒంట్లో బలముంటేనే మందు నిలబడుతుంది. లేకపోతే మనిషి దక్కడు." ఆ రోజు నుంచి అమ్మకు అదే జపం. పాలు, గుడ్లు. గుడ్లు, పాలు.

బండి మానేశాక పట్నంలో ఉండే దారి లేదు. దమ్మపేట దాటి అడవి అంచున ఉన్న నాయన సొంతూరికి వచ్చేశాం. తాత కట్టిన పెంకుటిల్లు రెండు వాటాలు. ఒక దాంట్లో నాయన అక్క, మా మేనత్త, ఒంటరిగా ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రెండోది మాది, ఎన్నో ఏళ్లుగా తాళం వేసి ఉంది. పెరడు మాత్రం ఒకటే. పెరటి చివర సగం కూలిన పశువుల కొట్టం, దాని వెనక టేకు చెట్లు, ఆ తర్వాత అడవి.

వచ్చిన మొదటి సాయంత్రమే అమ్మ పాల కోసం ఊరంతా తిరిగింది. ఎక్కడా దొరకలేదు. ఆ పక్క పశువులను దున్నకానికి, దూడల కోసం పెంచుతారు గానీ పాలు పిండి అమ్ముకునేవాళ్లు తక్కువ. "దూడ పాలు దూడవే గద" అని ఒక ముసలామె అమ్మ మొహం మీదే తలుపు వేసినంత పని చేసింది. అమ్మ ఉత్త గిన్నె పట్టుకుని తిరిగి వచ్చి, "పాలున్నయి. దాస్తున్నరు" అంది.

మరుసటి రోజు పొద్దున అత్త ఒక నల్ల పెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. ఆమె నాలుగు మాటలు కావాల్సిన చోట ఒకటి పలికే మనిషి. అమ్మకు అలాంటివాళ్లంటే మరీ గుబులు. అత్త కోడిని మా రోలు చుట్టూ మూడుసార్లు తిప్పింది. దాని కాలికి గుడ్డ పేలిక చుట్టి మంచం కోడుకు కట్టింది.

"రోలు సుట్టు తిప్పితే ఇల్లు మరువది," అంది. లేచి వెళ్తూ, "పాలకిస్తున్న మరదలా. పైలంగ జూసుకో," అంది.

అమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. లోపలికి వచ్చి నాతో గుసగుసగా, "పాలు దొరుకుతలేవని కోడినిచ్చింది సూడు. తమ్ముని పాలకు బదులు. నేననుకున్నంత చెడ్డది కాదు," అంది. పొయ్యి మీద ఎసరు మరిగేలోపే ఆమె మనసు మారింది. "అయినా ఎవరన్న ఊరికే ఇస్తరా? రోలు సుట్టు తిప్పేటప్పుడు ఏమన్న సదివిందా? పెదిమలు కదిలినయా?"

"లేదమ్మా."

"నువ్వు సరిగ్గ సూడలె."

నాకూ ఆ మాట అమ్మకు వినిపించినట్టే వినిపించింది. ఆ రోజుల్లో మా ఇంట్లో పాలంటే గిన్నెలో పోసేవే. మంచం మీద పడుకున్న నాయన కూడా అక్క మాట విన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఒక్క పెట్టతో రోజూ గుడ్డెక్కడిది? ఇంకో రెండు కొందామని అమ్మ నన్ను వెంటబెట్టుకుని దమ్మపేట సంతకు బయలుదేరింది. అక్కడ కోళ్లను కాళ్లు కట్టి వరసగా నేల మీద పెట్టారు. అమ్మ ఒక్కోదాన్ని ఎత్తి ఈకల్లోకి ఊది చర్మం చూసింది, రెక్కల కింద పేలు వెతికింది, ముక్కు తెరిచి వాసన చూసింది. పెళ్లిచూపుల్లో కూడా అంత చూడరు. చివరికి అమ్మేవాడిని నిలదీసింది.

"మంచి పెట్టయితే ఎందుకమ్ముతున్నవు?"

"ఏందమ్మా గట్లంటవు? బియ్యం మంచియైతే ఎందుకమ్ముతున్నవని షావుకారిని అడుగుతవా?"

"అడుగుత," అంది అమ్మ.

అడుగుతుంది కూడా. ఒక ఎర్ర పెట్ట, ఒక మచ్చల పెట్ట మా ఇంటికి వచ్చాయి. బస్సులో వచ్చేటప్పుడు అమ్మ సంచి మూతిని దారంతా పిడికిట్లోనే పట్టుకుని కూర్చుంది.

కోళ్ల పెంపకం మా ముగ్గురిలో నాయనకు ఒక్కడికే తెలుసు. ఆయన మంచం దిగితే ఆయాసం, మాట్లాడితే దగ్గు. అమ్మ పుట్టి పెరిగింది పట్నంలో, బావురుపిల్లికి ఇంటి పిల్లికి తేడా తెలియదు. మొదట్లో పిల్లుల భయానికి కోళ్లను వంటింట్లో పెట్టి గడియ వేసింది. పొద్దున చూస్తే పప్పు డబ్బా మీద రెట్ట, బియ్యం నేలపాలు, మచ్చల పెట్ట ఉట్టి మీద. తర్వాత గంప కింద మూసి పైన రోకలి అడ్డం పెట్టడం నేర్చుకుంది. అన్నం పెడితే కొవ్వు పట్టి గుడ్లు మానేస్తాయని తెలిసి నూకలకు, తవుడుకు మారింది. గద్ద నీడ నేల మీద పడితే కోడి కంటే ముందు అమ్మే అరిచేది.

గుడ్డు తడమడం మాత్రం అత్త నేర్పింది. పొద్దున కోడిని వదిలే ముందు తోక కింద వేలితో తడిమితే ఆ రోజు పెడుతుందో లేదో తెలుస్తుంది. పెట్టేదయితే వదలకూడదు, వదిలితే ఏ పొదలోనో పెట్టి వస్తుంది. మొదటిసారి అమ్మ చెయ్యి సబ్బుతో తోముకుని తోముకుని చర్మం ఊడగొట్టుకుంది. తర్వాత ఆ విద్య ఆమెకు ఎంత నచ్చిందంటే, పొద్దున లేవగానే మొహం కడగకముందే గంపల దగ్గర ఉండేది. కడుపులో ఉన్నదాన్ని కూడా నమ్మకుండా తడిమి చూసుకునే వీలు లోకంలో ఇంకెక్కడ ఉంది? "ఎర్రది ఇయ్యాల పెడతది. మచ్చలది అబద్ధం," అని తేల్చేసేది.

అలా నాయనకు రోజూ ఒక గుడ్డు అందడం మొదలైంది. అమ్మ ఉడకబెట్టి ఒలిచి ఇచ్చి, ఆయన మింగేదాకా ఎదురుగా కూర్చునేది. "నోరు తెరువు," అనేది. నాయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపించేవాడు. ఆయనకు గుడ్డంటే చిన్నప్పటి నుంచి పడదని నాకు తెలుసు. అయినా తినేవాడు. దవడల గుంటలు కాస్త పూడాయి. అమ్మ ఒకరోజు ఆయన చొక్కా గుండీలు పెడుతూ, "బిగుతైంది," అని మురిసిపోయింది. మేం ముగ్గురం అలా నవ్వుకుని చాలా రోజులైంది.

తొలకరికి ముందు నల్ల పెట్ట పొదుగుకు కూర్చుంది. గుడ్లు మానేసి, ఉత్త గడ్డి మీదే ఈకలు ఉబ్బించుకుని కూర్చునేది. దగ్గరికి వెళ్తే గుర్రుమనేది. చన్నీళ్లలో ముంచితే ఆ వేడి దిగి మళ్లీ గుడ్లు పెడుతుందని సంతలో ఎవరో చెప్పగా విన్న అమ్మ, దాన్ని పట్టుకుని తొట్టి నీళ్లలో ముంచింది. అది రెక్కలు కొట్టుకుంటూ వేసిన కేకలకు అత్త పరుగెత్తుకుని వచ్చింది. నాలుగు మాటలకు ఒకటి పలికే మనిషి ఆ రోజు నలభై పలికింది.

"పొదుగుకు కూసున్న కోడిని నీళ్లల్ల ముంచుతవా? చేతులెట్లొచ్చినయి నీకు? వచ్చిన కాడ్నుంచి సూస్తున్న, పుట్టిన గుడ్డు పుట్టినట్టు మింగిపిస్తనే ఉన్నవు. మరి నా పాలేది?"

"నీకు పాలేంది?" అంది అమ్మ బిత్తరపోయి.

"పాలకిచ్చిన గద కోడిని! పిల్లలు లేస్తే సగం నీయి, సగం నాయి. అసలు లెవ్వనియ్యకపోతే నా సగం ఎట్లొస్తది?"

అమ్మ తడిసిన కోడిని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పటికి గానీ మాకు ఆ మాట అర్థం కాలేదు. అత్త తమ్ముడి పాల కోసం ఇవ్వలేదు. పాలుకు ఇచ్చింది, సగం వాటాకు. మేకనైనా, కోడినైనా ఆ ఊళ్లలో అలాగే ఇస్తారట. తల్లి ఇచ్చినవాళ్లది, పిల్లల్లో సగం పెంచినవాళ్లది. మేము ఇన్నాళ్లూ నిశ్చింతగా అత్త వాటాను ఉడకబెట్టి నాయన నోట్లో పెడుతున్నాం.

అమ్మకు సిగ్గు కాసేపు ఉంది, కోపం చాలాసేపు ఉంది. "తమ్ముడు మంచంల ఉన్నా పాలు కావాల్నట. నేనన్లే? ఊరికే ఎవరూ ఇయ్యరు," అని గిన్నెలు ఎత్తి పడేసింది. నాయన మంచం మీద నుంచి మెల్లగా, "ఒక్కసారి కూసోనియ్యరాదే. పిల్లల్ని లేపుతది," అన్నాడు. అమ్మ ఇటు తిరిగింది. "కూసుంటే నీకు గుడ్డేది? ముందు నువ్వు లేస్తే తర్వాత పిల్లలు లేస్తయి." నాయన దుప్పటి మీదికి లాక్కున్నాడు. ఆ ఇద్దరు అక్కాతమ్ముళ్లూ ఒక మట్టితో చేసినవాళ్లే, మాట కరువు.

ఆ తర్వాతే గుడ్లు మాయమవడం మొదలైంది.

పొద్దున అమ్మ తడిమి "పెడతది" అన్న కోడి పెట్టేది. కేక వేసేది కూడా. అమ్మ చేతిలో పని వదిలి వెళ్లేసరికి గూట్లో వెచ్చటి గడ్డి ఉండేది, గుడ్డు ఉండేది కాదు. అన్నీ కాదు. ఒకరోజు ఉంటే ఒకరోజు లేదు. గుడ్డు లేని రోజు నాయనకు గంజే. అమ్మకు నిద్ర పట్టలేదు. ముందు నన్ను పిలిచి నోటి వాసన చూసింది. నేను ఏడ్చాను. నాకు పచ్చిగుడ్డు తాగే అలవాటు లేదని ఒట్టు వేసినా, రెండు రోజులు నన్ను ఓరకంట చూస్తూనే ఉంది. తర్వాత కుక్క మీద, ముంగిస మీద.

"జెర్రిపోతు గావచ్చు," అన్నాడు నాయన. "పాత కొట్టంల పాములున్నయి. నా చిన్నప్పటి నుంచి ఉన్నయి. అటు దిక్కు పోకుండ్రి."

అమ్మ పాముకు అడ్డంగా గూడు చుట్టూ పొయ్యి బూడిద చల్లింది. పాకితే చార పడుతుంది, నడిస్తే అడుగు పడుతుంది. మరునాడు గుడ్డు లేదు. బూడిదలో కోడి అడుగులు, అమ్మ అడుగులు, నాయన చెప్పుల గుర్తులు. నాయనవి ఉంటాయి కదా, ఆయన పెరట్లోకి పోవాలిగా. తినాల్సిన మనిషే గుడ్డెత్తుకుపోతాడని ఎవరికి తోస్తుంది? అమ్మ ఆ గుర్తులను చీపురుతో ఊడ్చేసింది.

ఇక మిగిలింది అత్తే. సాయంత్రాలు అమ్మ మా తలుపు సందు నుంచి అత్త పొయ్యి వైపు చూసేది. అత్త చెత్త పోసిన చోట గుడ్డు పెంకుల కోసం నన్ను పంపేది. నేను వెళ్లి వంకాయ తొడిమలు, చేప పొలుసు చూసి వచ్చి చెప్పేదాన్ని. "పెంకులు కూడ దాస్తున్నది," అనేది అమ్మ.

ఇంతలో నల్ల పెట్ట కూడా పోయింది. పొద్దున గంప ఎత్తితే కింద లేదు. అత్త వచ్చి ఆ ఖాళీ గంప చూసి, మా పొయ్యిలోకి చూసి, నా మొహంలోకి చూసి, "కోసుకున్నరా?" అంది. "నీ కోడిని నువ్వే ఎత్తుకపోయి మమ్ముల్నడుగుతవా?" అంది అమ్మ. ఆ రోజుతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. బావి దగ్గర ఒకరు ఉంటే ఒకరు వెళ్లేవారు కాదు.

విచిత్రం ఏమిటంటే, నల్ల పెట్ట పోయిన రోజు నుంచి గుడ్లు మళ్లీ సరిగ్గా దొరకడం మొదలైంది. ఎర్రది పెట్టిందంటే గూట్లో ఉండేది, మచ్చలది పెట్టిందంటే ఉండేది. అమ్మ వేళ్లు విరుచుకుంటూ నాకు తర్కం చెప్పింది. "కోడి పోయింది, దొంగతనం ఆగింది. అంటే ఏంది? కోడి ఎవలదో గుడ్ల దొంగ గూడ వాళ్లే. తనది తనకు ముట్టింది, ఊకున్నది." నాకూ అత్త మొహం దొంగ మొహంలాగే కనిపించసాగింది.

తొలకరి ఉరుములతో వచ్చింది. రాత్రంతా కురిసి పొద్దుటికి తెరిపిచ్చింది. పొయ్యిలో పెట్టడానికి ఎండు పుల్ల ఒక్కటీ లేదు. అమ్మ పాములను కూడా లెక్క చేయకుండా పాత కొట్టంలో విరిగిన దూలాల కోసం వెళ్లింది. కాసేపటికి ఆమె కేక వినబడింది. నేను పరుగెత్తాను.

కొట్టం మూల, పడిపోయిన గడ్డి వాసాల వెనక, ఒక పాత గంప వెల్లకిలా ఉంది. అందులో మెత్తటి వరిగడ్డి. గడ్డిలో గుడ్లు. ఒక్కో గుడ్డు మీద బొగ్గుతో గీసిన నల్ల గీత. గుడ్ల మధ్య ఒక తుప్పు మేకు, ఒక బొగ్గు ముక్క, ఒక ఎండు మిరపకాయ.

"గిందుకా," అంది అమ్మ. "గిందుకా ఈయన దగ్గు తగ్గుతలేదు?"

నేను ఆపలేకపోయాను. నిజం చెప్పాలంటే నాకూ అదే తోచింది. మేకు, బొగ్గు, మిరపకాయ, గీతలు గీసిన గుడ్లు. వాటిని చూసి ఏమనుకోవాలో మాకు పట్నంలో భయం భయంగా విన్న మాట ఒక్కటే తెలుసు. అమ్మ గంపను రెండు చేతులా ఎత్తుకుని అత్త వాకిట్లోకి నడిచింది.

"బయటికి రా! నా మొగుని మీద చేతబడి చేసినవా?"

పొలాలకు పోయే జనం ఆగారు. అడవి పక్క ఊళ్లలో ఆ మాట ఊరికే అనేది కాదు. ఎవరో ఒకరు నిజమని తలూపితే చాలు, ఒంటరి ఆడమనిషికి ఆ ఊళ్లో నిలువ నీడ ఉండదు. కొన్నిచోట్ల అంతకంటే ఘోరాలు జరిగాయి. అమ్మకు అది తెలియదు, అక్కడ నిలబడ్డవాళ్లందరికీ తెలుసు. ముందు వరసలో ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. "పెద్దమనుషులను పిలువుండ్రి," అన్నాడొకాయన. గుమ్మంలోకి వచ్చిన అత్త గంపలోకి చూసింది. ఆ మొహంలో కోపం లేదు, ఉత్త భయం. నేను పెద్దవాళ్ల మొహంలో అంత భయం అంతకుముందు చూడలేదు.

వెనక నుంచి దగ్గు వినబడింది. నాయన గోడ పట్టుకుని, ఆగి ఆగి వస్తున్నాడు. చేరేసరికి ఊపిరి అందడం లేదు. అమ్మ చేతుల్లోని గంప వైపు వేలు చూపించాడు.

"కింద... కింద పెట్టు. సల్లబడితే సచ్చిపోతయి."

"ఏంది సచ్చేది?"

"నేనే పెట్టిన. అక్కకు తెల్వది. కోడిని నేనే దాసిన. గుడ్లు నేనే తీసిన."

అమ్మకు అర్థం కాలేదు. "మరి ఈ మేకేంది? మిరపకాయేంది?"

"ఉరుములకు గుడ్లు మురుగుతయని పెడ్తరే. మా అమ్మ పెట్టేది. కొత్త గుడ్లు కలవకుండ గీతలు గీసిన. గంతే."

గుంపులో ఒక ముసలామె ఫక్కున నవ్వింది. అప్పుడే ఆ చప్పుడు వచ్చింది, అందరికంటే ముందు నాకే వినబడింది. గంపలో నుంచి, పెంకు లోపలి నుంచి, సన్నగా కీచుమని. ఒక గుడ్డు మీద నల్ల గీత పక్కనే చిన్న పగులు ఉంది. అమ్మ గంపను తన కడుపుకు హత్తుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. అత్తే ముందుకొచ్చి తన కొంగు విప్పి గంప మీద కప్పింది. మేత ముగించుకుని వచ్చిన నల్ల పెట్ట గూడు కనబడక కొట్టం దగ్గర గోల గోలగా అరుస్తోంది. అత్త గంపను అమ్మ చేతుల్లోంచి తీసుకుని అటు నడిచింది.

ఇంటికి వచ్చాక అమ్మ నాయన మీద విరుచుకుపడింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడంటరు. నీకోసం నేను ఊరందరినీ దొంగలను చేస్తి. నీ నోట్ల పోవాల్సింది పోయి గంపల పెడతవా?"

నాయన దగ్గి, నీళ్లు తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నేను తింటే ఒక్క పూట. గది పొదిగితే మీకు మంద. రేపు నేనుంటనో లేదో, నువ్వూ బిడ్డా ఏం తింటరు? మల్ల అక్క పాలు అక్కకియ్యాలె గద."

"నాకు మంద కాదయ్యా," అంది అమ్మ. "నాకు నువ్వు కావాలె." అంది, ఏడ్చింది. నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను.

పిల్లలు లేచి కాస్త రెక్కలు ముదిరాక అత్త పంచుకోవడానికి వచ్చింది. చేతబడి మాట గురించి అమ్మ క్షమాపణ అడగలేదు, అత్త ఆ ఊసు ఎత్తలేదు. పెరట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకటి నీది, ఒకటి నాది అని పంచుకున్నారు. అమ్మ ఒక్కో పిల్లను తిప్పి తిప్పి చూసి గానీ వదల్లేదు, అత్త కూడా కుంటిదాన్ని చడీ చప్పుడు లేకుండా మా వైపు తోసింది. చివరికి ఒకటి మిగిలింది. అమ్మ అత్త చేతుల వైపు చూస్తోంది. అత్త దాన్ని తీసి నాయన ఒళ్లో వేసింది.

"ఇది తమ్ముని పాలు," అంది.

అది పుంజయింది. నాయన మంచం కోడు మీద ఎక్కి కూసేది. అమ్మ మాత్రం ఆయనను మళ్లీ నమ్మలేదు. గుడ్డు పెట్టి నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసేది. మందులు ఒక్కరోజు కూడా ఆపలేదు. అయినా ఆలస్యమైపోయింది. లారీ మీద తిరుగుతూ మందులు మానేసిన ఆ నెలలు వెనక్కి రాలేదు. మరుసటి ఏడు ఎండలు ముదరకముందే నాయన పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి వాగు ఒడ్డున విస్తరిలో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టు. చుట్టాలు పుంజును కోద్దామన్నారు. అమ్మ, అత్త ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. వేరే కోడి కూర వండారు. చేప, బజ్జీలు, ఆయన తాగే బీడీ కట్ట కూడా పెట్టారు. అమ్మ అన్నిటి మధ్యలో ఒక ఉడికిన గుడ్డు ఒలిచి పెట్టింది.

కాకులు టేకు కొమ్మల మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. చుట్టాలు ఒక్కొక్కరే విస్తరి ముందు నిలబడి మాట ఇచ్చారు. బిడ్డను చదివిస్తామన్నారు. ఇల్లు అమ్మబోమన్నారు. కాకి కదల్లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. "నా మీద కోపమేమో," అంటోంది. "ఏదో దాస్తున్నడు నా కాడ."

అత్త లేచింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లి, విస్తరి మధ్యలో ఉన్న గుడ్డు తీసి చేతిలో పెట్టుకుని వచ్చింది.

"వానికి గుడ్డు ఎన్నడన్న పడ్డదా మరదలా?" అంది. "నీకోసమే తిన్నడు."

మేం నాలుగడుగులు వెనక్కి జరిగామో లేదో, ఒక కాకి దిగి విస్తరి ముట్టింది. తర్వాత ఇంకొకటి.

అమ్మ కాకుల వైపు చూడలేదు. అత్త చేతిలోని గుడ్డు వైపే చూస్తూ ఉండిపోయింది. అందరూ వాగులో కాళ్లు కడుక్కుంటుంటే, దాన్ని అత్త చేతిలో నుంచి తీసుకుంది. గోటితో మధ్యకు చీల్చింది. రెండు ముక్కలూ సమానంగా ఉన్నాయో లేదో అటూ ఇటూ తిప్పి చూసి, పెద్దది అత్త చేతిలో పెట్టింది.

"ఇది నీ పాలు వదినె," అంది. ఇద్దరూ అక్కడే ఇసుకలో కూర్చుని తిన్నారు.